స్లిప్పరీ స్లోప్: "ఇవాళ ఇది ఒప్పుకుంటే రేపు ఇంకేం అడుగుతారో" అనే వాదన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు స్లిప్పరీ స్లోప్ అంటే ఏంటి? సింపుల్‌గా చెప్పండి.

పేరుకి అర్థం జారుడు వాలు, ఒకసారి కాలు పెడితే కిందదాకా జారిపోవటమే అన్నట్టు. ఒక చిన్న పని గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఎదుటివాళ్ళు ఆ పని మంచిదా చెడ్డదా అన్నది వదిలేసి, దాన్నుంచి పుట్టబోయే పెద్ద ఉపద్రవం దగ్గరికి నేరుగా వెళ్ళిపోతారు. మధ్యలో నాలుగైదు మెట్లు ఉంటాయి, అవన్నీ వరసగా జరిగి తీరతాయి అన్నట్టు చెప్పేసి, కాబట్టి మొదటి పనే వద్దు అంటారు. "ఇవాళ బండి కొనిస్తే రేపు కాలేజ్ ఎగ్గొడతాడు, ఎల్లుండి ఫ్రెండ్స్‌తో తిరుగుళ్ళు, ఆ తర్వాత చదువూ పోయె, జీవితమూ పోయె." బండి కొనాలా వద్దా అంటే కాలేజ్ ఎంత దూరం, లైసెన్స్ వచ్చిందా, బస్సు ఉందా, ఇంట్లో డబ్బులు ఎంత ఉన్నాయి, ఇలా మాట్లాడుకోవాల్సినవి బోలెడు. వాటిల్లో ఒక్కటి కూడా ఇక్కడ రాలేదు చూడండి. చివరి మెట్టు మీద ఉన్న భయం మొత్తాన్ని తెచ్చి మొదటి మెట్టు మీద పెట్టేశారు, అంతే.

అయితే "ఒకదాని వల్ల ఇంకోటి జరుగుద్ది" అని ఎవరన్నా తప్పేనా?

కాదు, అస్సలు కాదు. ఇది చాలామంది పొరబడే చోటు. బలి చక్రవర్తి మూడడుగులు ఇస్తాను అంటుంటే శుక్రాచార్యుడు వద్దన్నాడు కదా, మూడడుగులే కదా అని ఇచ్చావంటే ఉన్నదంతా పోతుంది, నీకు నిలబడటానికి చోటు కూడా మిగలదు అన్నాడు. వినటానికి అది అచ్చం స్లిప్పరీ స్లోప్ లాగే ఉంటుంది, కానీ ఆయన చెప్పింది నిజమైంది. ఎందుకంటే ఆయన ఊరికే ఊహించి చెప్పలేదు, వచ్చిన వటువు ఎవరో గుర్తుపట్టాడు, ఏం చెయ్యగలడో తెలుసు, అది తెలిసి చెప్పాడు. అడిగింది చిన్నదా పెద్దదా అన్నదాని కంటే, ఆ చిన్నది పెద్దది ఎలా అవుద్దో చెప్పగలిగారా లేదా అన్నదే చూడాలి. చెప్పగలిగితే అది హెచ్చరిక, చెప్పలేకపోతే అది ఫాలసీ, అంటే వినటానికి బాగున్నా తర్కానికి నిలబడని వాదన.

మన సామెతల్లో కూడా రెండు వైపులా ఉన్నాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు అని చెప్పేదీ మనమే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అనేదీ మనమే. ఎక్కడ ఏది వాడాలో తెలుసుకోవటంలోనే ఉంది విషయమంతా.

మరి తప్పు సరిగ్గా ఎక్కడ జరుగుతుంది?

మెట్టుకీ మెట్టుకీ మధ్య. మన తెలుగు పండితుడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం చదివినవాళ్ళకి ఇది పాత పాఠమే. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని చెప్పొచ్చు, ఎందుకంటే పొగ ఉన్నచోట నిప్పు ఉండటం ఎక్కడా తప్పదు, దీన్నే వ్యాప్తి అంటారు. కానీ దాన్ని తిరగేసి నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుంది అనకూడదు. ఎర్రగా కాలిన ఇనప ముద్దలో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పు నుంచి పొగ రావాలంటే మధ్యలో ఇంకో షరతు ఉండాలి, అది తడి కట్టె. తర్కశాస్త్రంలో ఇలా దాక్కున్న షరతుని ఉపాధి అంటారు.

ఇప్పుడు బండి ఉదాహరణ మళ్ళీ చూడండి. బండి ఉంటే కాలేజ్ ఎగ్గొడతాడు అన్నదాంట్లో తడి కట్టె ఏంటి? వాడికి ఆ కాలేజ్ అంటే ముందే ఇష్టం లేకపోవటం, లేదా అటెండెన్స్ అడిగే దిక్కు లేకపోవటం. ఆ షరతు వాడి విషయంలో ఉందా లేదా అని చూడాలి. ఉంటే బండి లేకపోయినా ఎగ్గొడతాడు, బస్సెక్కి సినిమాకి పోతాడు. లేకపోతే బండి ఉన్నా క్లాసుకే పోతాడు. అంటే మనం గంట సేపు బండి మీద వాదించుకుంటున్నాం గానీ అసలు సంగతి బండిలో లేనే లేదు. ఏ స్లిప్పరీ స్లోప్ వాదన విన్నా నేను ఈ షరతు కోసమే వెతుకుతాను, నా లెక్క ప్రకారం ఇంతకంటే పనికొచ్చే పద్ధతి ఇంకోటి లేదు.

దీన్ని లెక్కల్లో చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ఐదు మెట్లు ఉన్నాయి అనుకుందాం. ముందు మెట్టు జరిగాక తర్వాతది జరిగే అవకాశం ప్రతిచోటా 80 శాతం అనుకోండి, అంటే చాలా గట్టి మెట్లే. 0.8ని ఐదుసార్లు గుణిస్తే 0.33 దగ్గర వస్తుంది. అంటే ఒక్కో మెట్టు దగ్గర "దాదాపు ఖాయం" అనిపించినా చివరికి చేరేది మూడింట ఒక వంతే. ఒక్కో మెట్టు 60 శాతం అయితే చివరికి వచ్చేసరికి 8 శాతం కూడా ఉండదు. మన బుర్ర ఈ గుణకారం చెయ్యదు, కథ లాగా వినేస్తుంది, కథలో ఎన్ని వివరాలు ఎక్కువుంటే అంత నిజం అనిపిస్తుంది. లెక్కలో మాత్రం మెట్టు పెరిగే కొద్దీ నమ్మకం తగ్గాలి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. 8 శాతమే కదా అని వదిలెయ్యకూడని సందర్భాలు ఉంటాయి, చివర ఉన్నది ప్రాణం మీదకి వచ్చేదైతే 8 శాతం చాలా ఎక్కువ. అప్పుడు కూడా చెయ్యాల్సింది ఏ మెట్టు దగ్గర గొళ్ళెం పెట్టొచ్చో చూసుకోవటం. హెల్మెట్ అలాంటి గొళ్ళెమే.

ఇంట్లో రోజూ వినే ఉదాహరణ ఒకటి విడమర్చి చెప్పండి.

అమ్మాయికి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, ఇల్లేమో ఒంగోలు దగ్గర పల్లెటూరు, ఫీజు కట్టటానికి ఇంకా మూడు రోజులే టైమ్. వరండాలో కుర్చీలో కూర్చుని పెదనాన్న మొదలుపెడతాడు.

"అంత దూరం హాస్టల్లో అంటే అడిగేవాళ్ళు ఉండరమ్మా. అడిగేవాళ్ళు లేకపోతే ఫోన్లు, తిరుగుళ్ళు. ఎవడో ఒకడు పరిచయం అవుతాడు. రేపు వాణ్ణే చేసుకుంటానంటావు. ఆ తర్వాత నీ చెల్లెలి పెళ్ళికి సంబంధాలు ఎవరు తెస్తారు?"

"నా మీద నమ్మకం లేదా పెదనాన్నా?"

"నీ మీద ఉందమ్మా, రోజులే బాలేవు."

ఎక్కడ మొదలయ్యింది, ఎక్కడ తేలింది చూడండి. హాస్టల్ దగ్గర మొదలై చెల్లెలి పెళ్ళి దగ్గర ఆగింది, సబ్జెక్ట్ ఏంటి, ఆ యూనివర్సిటీ ఎలాంటిది, చదివితే ఏం ఉద్యోగం వస్తుంది అన్నది ఒక్క ముక్క లేదు. ఒక్కో మెట్టూ పట్టుకోండి. హాస్టల్లో అడిగేవాళ్ళు ఉండరు అన్నది నిజమా? వార్డెన్ ఉంటుంది, గేటు దగ్గర రిజిస్టర్ ఉంటుంది, ఫలానా టైమ్ లోపల రావాలి అని రూల్ ఉంటుంది. ఫోన్ ఇంట్లో కూర్చుని కూడా ఉంది. పరిచయాలు ఒంగోలులో డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఉన్నాయి. పరిచయం అవ్వటానికీ పెళ్ళికీ మధ్య ఎంత దూరం ఉందో అందరికీ తెలుసు, పైగా చదువుకుని ఉద్యోగం చేసే పిల్ల తనకి నచ్చినవాణ్ణి చేసుకుంటే అది ఉపద్రవం ఎందుకు అయ్యింది అన్నది వేరే ప్రశ్న, దాన్ని కూడా ఎవరూ అడగలేదు. చెల్లెలి సంబంధం మెట్టు ఒక్కటే పూర్తిగా ఊరివాళ్ళ నోటి మీద ఆధారపడింది.

అమ్మాయి అడిగిన ప్రశ్న కూడా గమనించండి. నమ్మకం లేదా అని అడగ్గానే మాట నమ్మకం మీదకి పోయింది, పెదనాన్నకి దాటెయ్యటం తేలికైపోయింది. దాని బదులు ఏం అడగొచ్చో కింద చెప్తాను.

ఇలాంటివి ఆడపిల్లల మీదే ఎక్కువ వాడతారు ఎందుకు?

ఎందుకంటే మొదటి మెట్టు దగ్గర చెప్పటానికి కారణం ఉండదు. చదువుకోవటం తప్పు అని ఎవరూ మొహం మీద అనలేరు, ఉద్యోగం తప్పు అని అనలేరు, కాబట్టి దాని తర్వాత ఏదో జరుగుద్ది అంటారు. ఇది ఇవాల్టిది కాదు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వెళ్ళినవాళ్ళని వెలివేస్తామని బెదిరించారు, అప్పటికే అలాంటి పెళ్ళిళ్ళు చట్టం ప్రకారం చెల్లుతాయని 1856లోనే చట్టం వచ్చి పాతికేళ్ళయింది. చట్టం ఒప్పుకున్నా ఊరు ఒప్పుకోలేదు, ఒక్క పెళ్ళికి ఒప్పుకుంటే మొత్తం కట్టుబాటే కూలిపోతుందనే భయం. నాకు దీని మీద గట్టి అభిప్రాయం ఉంది, ఒక మనిషి బతుకుని ఇంకా జరగని నాలుగు సంగతుల పేరు చెప్పి ఆపటం అన్యాయం.

"తాగుబోతులందరూ ఒక్క గ్లాసుతోనే మొదలుపెట్టారు" అంటారు, అది నిజమే కదా?

నిజమే, కానీ అది పొగ నుంచి నిప్పుకి వెళ్ళే దారి, నిప్పు నుంచి పొగకి వెళ్ళేది కాదు. తాగుబోతుల్ని పిలిచి అడిగితే అందరూ ఒక్క గ్లాసు నుంచే వచ్చుంటారు. ఒక్క గ్లాసు తాగినవాళ్ళందర్నీ పిలిచి అడిగితే ఎంతమంది తాగుబోతులయ్యారు అన్నది పూర్తిగా వేరే లెక్క. గంజాయి, సిగరెట్, ఆన్‌లైన్ గేమ్స్ అన్నిట్లోనూ ఇదే తిరకాసు. అలాగని ఒక్క గ్లాసుకి ఫర్లేదు అని నేను చెప్పట్లేదు, ఇంట్లో తాగుడు అలవాటు ఉన్నవాళ్ళు ఉంటే పిల్లలకి ఆ ప్రమాదం ఎక్కువ, అక్కడ తడి కట్టె కళ్ళెదురుగానే ఉంది.

చరిత్రలో పెద్ద ఎగ్జాంపుల్ ఏదైనా ఉందా?

మన రాష్ట్రమే పెద్ద ఎగ్జాంపుల్. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో భాషని బట్టి రాష్ట్రాలు ఇవ్వాలా వద్దా అని 1948లో ధర్ కమిషన్ వేశారు, వద్దు అని చెప్పింది. తర్వాత నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్య ముగ్గురితో జేవీపీ కమిటీ, అది కూడా 1949లో ఇప్పుడు కాదు, వాయిదా వెయ్యండి అంది, కాకపోతే ఆంధ్ర విషయం కొంచెం వేరుగా చూడొచ్చు అంది. భయం ఏంటంటే ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు, అందరికీ ఇస్తే ఎవడి భాష వాడిది ఎవడి గొడవ వాడిది అయ్యి దేశం ముక్కలవుతుంది. అప్పుడే దేశ విభజన జరిగి అన్ని లక్షల మంది చచ్చిపోయి, ఇళ్ళు పోగొట్టుకుని ఉన్నారు, కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు.

1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టారు, డిసెంబర్ 15న ప్రాణం పోయింది. ఆ తర్వాత నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నామని ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా వచ్చింది. ఇక మెట్లు చూడండి. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు అన్నది అక్షరాలా నిజమైంది. 1953 డిసెంబర్లోనే రాష్ట్రాల పునర్విభజన కమిషన్ వెయ్యాల్సి వచ్చింది, 1956 నవంబర్ 1న దేశం మ్యాప్ అంతా మారింది, 1960లో బొంబాయి రాష్ట్రం మహారాష్ట్ర, గుజరాత్ అయ్యింది, 1966లో పంజాబ్ నుంచి హర్యానా వచ్చింది. కానీ ఆఖరి మెట్టు, దేశం ముక్కలవటం, అది జరగలేదు.

ఎందుకు జరగలేదు అన్నదే ఇక్కడ నేర్చుకోవాల్సింది. వాళ్ళు అడిగింది దేశంలోంచి బయటికి పోవటానికి కాదు, దేశం లోపల తమ భాషలో పాలన కోసం. రాజ్యాంగంలో మూడో అధికరణ ఉంది, కొత్త రాష్ట్రం చెయ్యాలన్నా సరిహద్దు మార్చాలన్నా పార్లమెంట్ చట్టం చెయ్యాలి. అంటే ప్రతి మెట్టు దగ్గరా ఒక గేటు ఉంది, గేటు తెరవాలా వద్దా అని కూర్చుని మాట్లాడుకునే చోటు ఉంది. అడిగినది ఇవ్వటం వల్ల కోపం చల్లారింది కూడా. ఆ భయంలో ముందు మెట్టు కరెక్ట్, చివరి మెట్టు తప్పు. రెండూ ఒకే వాదనలో ఉండొచ్చు, అందుకే మొత్తంగా ఒప్పుకోవటం, మొత్తంగా కొట్టిపారెయ్యటం రెండూ పనికిరావు.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చేముందు కూడా ఇది ఇస్తే విదర్భ, గూర్ఖాల్యాండ్, బోడోల్యాండ్ అన్నీ లేస్తాయి అన్నారు. ఆ డిమాండ్లు ఎప్పట్నుంచో ఉన్నవే, అప్పుడు కొంత గట్టిగా వినిపించాయి. ఆ తర్వాత ఇప్పటిదాకా కొత్త రాష్ట్రం ఒక్కటీ రాలేదు.

బయటి దేశాల్లో?

అమెరికా వాళ్ళ డొమినో సిద్ధాంతం, అంటే ఒక దేశం కమ్యూనిస్టుల చేతికి పోతే పక్క దేశాలూ వరసగా పోతాయి అనే భయం. 1954 ఏప్రిల్ 7న ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ ఇండోచైనా గురించి మాట్లాడుతూ వరసగా నిలబెట్టిన ముక్కల్లో మొదటిది పడితే మిగతావన్నీ పడతాయి అన్నట్టు చెప్పాడు. ఆ ఆలోచన మీదే వియత్నాం యుద్ధం చాలా ఏళ్ళు నడిచింది, 58 వేల మందికి పైగా అమెరికా సైనికులు పోయారు, వియత్నాం జనం ఎన్నో రెట్లు ఎక్కువ పోయారు. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడింది, లావోస్, కంబోడియా కూడా కమ్యూనిస్టుల చేతికి వచ్చాయి. థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియా పడలేదు. మళ్ళీ అదే సంగతి, దగ్గరి మెట్లు కొన్ని నిజం, దూరం మెట్లు అబద్ధం.

నిజంగానే జారిపోయిన సందర్భాలు చెప్పండి, లేకపోతే అన్నీ ఉత్త భయాలే అనుకుంటాం.

ఆధార్ చూడండి. 2009లో సంస్థ పెట్టారు, 2010 సెప్టెంబర్లో మహారాష్ట్రలోని తెంభ్లీ అనే ఊళ్ళో మొదటి నంబర్ ఇచ్చారు, ఇష్టం ఉంటేనే తీసుకోండి అన్నారు. ఇదిగో ఇలా మొదలై అన్నిటికీ తప్పనిసరి అవుద్ది అని అన్నవాళ్ళని చాలామంది అనవసరంగా భయపెడుతున్నారు అన్నారు. 2013లో సుప్రీంకోర్టు ఆధార్ లేదని ఎవరికీ ఇబ్బంది రాకూడదు అని మధ్యంతర ఆర్డర్ ఇచ్చాక కూడా గ్యాస్, పాన్, సిమ్, బ్యాంక్ ఖాతా ఇలా ఒకదాని తర్వాత ఒకటి లింక్ చెయ్యమన్నారు. అంటే ఆ హెచ్చరికలో పస ఉంది. కారణం కూడా తెలుస్తూనే ఉంది, ఒకసారి అందరి దగ్గరా ఒకే నంబర్ ఉన్నాక ఇంకో ఆఫీసు అది అడగటానికి ఖర్చేమీ ఉండదు. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు తీర్పులో బ్యాంక్ ఖాతాకీ సిమ్‌కీ తప్పనిసరి అన్నది కొట్టేసి పాన్‌కీ సంక్షేమ పథకాలకీ ఉంచారు. జారింది, మధ్యలో ఒకచోట ఆపారు.

తాత్కాలికం అని మొదలైనవి ఉండిపోవటం కూడా ఇలాంటిదే. రాజ్యాంగం వచ్చినప్పుడు కేంద్రంలో ఇంగ్లీషు 15 ఏళ్ళే అన్నారు, 1965తో అయిపోవాలి. 1963 చట్టంతో ఆ తర్వాత కూడా కొనసాగించారు, ఇప్పటికీ ఉంది. దక్షిణాదివాళ్ళకి అది మంచే అయ్యింది, కాబట్టి జారటం ప్రతిసారీ చెడుకే అని కూడా అనుకోవద్దు.

ఇక ఇంట్లో చూడాలంటే క్రెడిట్ కార్డ్. 50 వేలు బిల్లు వచ్చింది, ఈ నెలకి మినిమమ్ డ్యూ కట్టి వదిలేద్దాం అనుకుంటారు. మినిమమ్ 5 శాతం అనుకుంటే 2,500. వడ్డీ నెలకి 3.5 శాతం అనుకుంటే 1,750, దాని మీద 18 శాతం జీఎస్టీ 315. అంటే కట్టిన 2,500లో 2,065 వడ్డీకీ పన్నుకీ పోయి అసలు తగ్గింది 435 రూపాయలు. పైగా బాకీ ఉండగా కొత్తగా ఏది కొన్నా దానికి వడ్డీ లేని రోజులు ఉండవు. ఇక్కడ "ఒక్కసారి మినిమమ్ కడితే ఊబిలో దిగినట్టే" అని ఎవరైనా అంటే అది ఫాలసీ కాదు, ప్రతి మెట్టూ బిల్లు వెనక పక్క ప్రింట్ చేసి ఉంది, చదువుకోవచ్చు.

జారినా మళ్ళీ పైకి ఎక్కటం ఉంటుందా?

ఉంటుంది, దీన్ని జనం మర్చిపోతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా వద్దని లేచారు, అది రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. సారాతో మొదలైంది మొత్తం మందు దాకా వెళ్ళింది, మెట్టు మీద మెట్టు. కానీ 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు, సారా మీద నిషేధం మాత్రం ఉంచారు. అంటే కిందికి వెళ్ళింది వెనక్కి వచ్చి మళ్ళీ మొదటి మెట్టు మీదే ఆగింది. ఖజానాకి డబ్బు కావాల్సి రావటం, దొంగ సరుకు రావటం, ఇవన్నీ వెనక్కి తోసిన కారణాలు. ముందుకి లాగేవి ఏమున్నాయి అని ఎంత చూస్తామో వెనక్కి లాగేవి ఏమున్నాయి అని కూడా అంతే చూడాలి.

"గీత ఎక్కడ గీస్తావు?" అని అడిగితే ఏం చెప్పాలి?

ఇది ఇంకో రకం. మెట్లు కారణాల వల్ల కాకుండా, తేడా చెప్పలేకపోవటం వల్ల. 34 మార్కులకి ఒక్క మార్కు కలిపి పాస్ చేస్తే 33 వాడు నాకెందుకు కలపరు అంటాడు, తర్వాత 32, ఇక సున్నా వచ్చినవాణ్ణి కూడా పాస్ చెయ్యాలా అంటారు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో యూబులిడీస్ అనే గ్రీకు ఆయన ధాన్యం కుప్ప గురించి ఇదే అడిగాడు, ఒక్కో గింజ తీస్తూ పోతే కుప్ప ఎప్పుడు కుప్ప కాకుండా పోతుంది అని. కచ్చితమైన గింజ ఎవరూ చూపించలేరు, అయినా కుప్పకీ రెండు గింజలకీ తేడా లేదని ఎవరూ అనరు.

జవాబు ఏంటంటే, గీత కొంచెం అటూఇటూగా గీసినా గీత గీతే. ఓటు హక్కు 21 ఏళ్ళ నుంచి 18కి 61వ సవరణతో తగ్గించారు, 1989 నుంచి అమల్లోకి వచ్చింది. 18కి ఇస్తే రేపు 16, ఎల్లుండి 14 అనొచ్చు. ఇన్ని దశాబ్దాలయినా 18 దగ్గరే ఉంది. ఎందుకంటే దాన్ని మార్చాలంటే మళ్ళీ రాజ్యాంగ సవరణ కావాలి, ఊరికే జారిపోదు.

మంచి వైపుకి కూడా ఈ ఫాలసీ ఉంటుందా?

ఉంటుంది, దీంతో మనవాళ్ళు చాలా డబ్బులు పోగొట్టుకుంటారు. "జీఆర్ఈ రాయి, అమెరికాలో ఎమ్మెస్ సీటు వస్తుంది, చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక అనుమతి మీద ఉద్యోగం, హెచ్1బీ, తర్వాత గ్రీన్ కార్డ్, అప్పు రెండేళ్ళలో తీరిపోద్ది." ఇంటి కాగితాలు పెట్టి 40 లక్షలు లోన్ తీసుకునేటప్పుడు ఈ గొలుసులో ఒక్కో లింక్ చూడాలి. అక్కడ ఉద్యోగం చెయ్యటానికి ఇచ్చే హెచ్1బీ వీసాలకి ఏటా 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20 వేలు పరిమితి ఉంది, అడిగేవాళ్ళు దానికి ఎన్నో రెట్లు. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి, అందుకే ఇండియా వాళ్ళ క్యూ ఏళ్ళ తరబడి. వెళ్ళొద్దు అని కాదు, వెళ్ళి బాగుపడ్డవాళ్ళు మన ఊళ్ళలోనే బోలెడుమంది. కానీ హెచ్1బీ రాకపోతే ఆ లోన్ ఈఎంఐ ఎవరు ఎలా కడతారు అన్నది ముందే కూర్చుని రాసుకోండి.

అయితే ఎవరైనా ఇలా అంటే "ఇది స్లిప్పరీ స్లోప్ ఫాలసీ" అని చెప్పేస్తే అయిపోద్దా?

అవదు. పేరు పెట్టటం జవాబు కాదు. ఎదుటివాడి వాదన తప్పుగా ఉంది కాబట్టి వాడు చెప్పిన విషయం కూడా తప్పే అనుకోవటం ఇంకో ఫాలసీ. హాస్టల్ వద్దు అన్న పెదనాన్న కారణం తప్పు అయినా ఆ ఫలానా హాస్టల్ నిజంగానే బాగోకపోవచ్చు కదా. పైగా ఇంట్లో పెద్దవాళ్ళకి ఫాలసీ అని ఇంగ్లీషు పేరు చెప్తే వాళ్ళకి వినిపించేది "నీకేం తెలీదు" అన్నది ఒక్కటే.

మరి పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలి?

ఏ మెట్టు దగ్గర భయమో అడగండి. "పెదనాన్నా, మీరు చెప్పినవాటిల్లో మీకు బాగా భయం వేసేది ఏది?" అని. నూటికి తొంభై సార్లు అన్ని మెట్ల వెనకా ఒకే భయం ఉంటుంది, పిల్ల ఒంటరిగా ఉంటే ఏదైనా అయితే ఎవరు చూస్తారు అనో, నలుగురూ ఏమంటారు అనో. మొదటిదైతే దానికి జవాబు ఉంది, వార్డెన్ నంబర్ ఇవ్వండి, ఒకసారి తీసుకెళ్ళి చూపించండి, అదే ఊళ్ళో ఉన్న పిన్నిగారి అడ్రస్ ఇవ్వండి, వారం వారం ఫోన్ అనండి. రెండోదైతే అది పిల్ల సమస్య కాదని అమ్మా నాన్నా గట్టిగా చెప్పాల్సిందే, ఆ బరువు పిల్ల మీద పెట్టకూడదు. అలాగే వద్దనటానికి కూడా ఖర్చు ఉందని గుర్తు చెయ్యండి, సీటు పోతే ఏడాది పోతుంది, ఈ ఖర్చు ఎప్పుడూ ఎవరూ లెక్కలో వెయ్యరు.

వాట్సాప్ ఫార్వర్డ్స్‌లో గుర్తుపట్టటం ఎలా?

"ఇలాగే ఊరుకుంటే", "ఇది మొదలు మాత్రమే", "మన పిల్లల తరానికి ఏమీ మిగలదు" ఇలాంటివి కనిపిస్తే ఆగి, మధ్యలో మెట్లు చెప్పారా అని చూడండి. చాలాసార్లు మొదలూ చివరా మాత్రమే ఉంటాయి. ఇంకోటి, ఆ తర్వాతి మెట్టు ఎవరు వేస్తారో రాశారా అని చూడండి, "జరిగిపోతుంది" అని ఉంటే చేసేవాడు ఎవడూ లేడన్నమాట.

ఎవరితోనూ వాదన లేదు, నా బుర్రలోనే ఇలా నడుస్తుంది. అప్పుడు?

ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఇంటర్ రిజల్ట్స్ రోజున మన రెండు రాష్ట్రాల్లో లక్షల ఇళ్ళల్లో ఇదే నడుస్తుంది. మ్యాథ్స్ పోయింది, ఇంటర్ పోయింది, ఇంజినీరింగ్ రాదు, ఉద్యోగం రాదు, అమ్మానాన్నల పరువు పోయింది, ఇక బతికి ఏం లాభం అని 17 ఏళ్ళ పిల్లలు ఒక్క రాత్రిలో ఆ మెట్లన్నీ దిగేస్తారు. ప్రతి ఏడాదీ కొందరు పిల్లల్ని పోగొట్టుకుంటున్నాం. ఆ గొలుసులో మొదటి లింకే తెగిపోయేది, ఎందుకంటే అదే ఏడాది ఎండాకాలంలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, రాసి పాసైతే ఏడాది కూడా పోదు. రీకౌంటింగ్ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది. కానీ ఆ రాత్రి పిల్లకి ఇవి గుర్తుకు రావు, లెక్కలు కట్టే స్థితిలో ఉండదు, కాబట్టి ఆ పని పక్కన ఉన్నవాళ్ళు చెయ్యాలి.

మీకే అలా అనిపిస్తుంటే ఒంటరిగా ఉండకండి, ఎవరో ఒకరిని లేపి పక్కన కూర్చోమనండి. 14416 టెలీ మానస్ నంబర్, ఫోన్ చెయ్యటానికి డబ్బులు అక్కర్లేదు, 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. అమ్మానాన్నలకి ఒక మాట, రిజల్ట్స్ వారం పదిరోజుల ముందు నుంచే "ఇది పోతే నీ జీవితం ఇంతే" అనటం ఆపెయ్యండి, మెట్లు వాళ్ళకి మనమే నేర్పిస్తున్నాం. మార్కులు రాగానే ఎన్ని వచ్చాయి అని అడిగేముందు అన్నం తిన్నావా అని అడగండి, ఆ రాత్రికి గదిలో ఒంటరిగా వదలకండి, తెల్లారాక సప్లిమెంటరీ ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడో కాలేజ్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.